రెండు బకెట్ల మెత్తమన్ను

పిన్ను దొరకలేదు. ఖొయిన్ మోకాళ్ళ మీద వంగి గుంటలోని బురదని ముందు చూపుడు వేలితో కెలికాడు, తర్వాత రెండు వేళ్ళతో, ఆఖరికి ఓపిక పోయి అరచెయ్యంతా దించి వెతికాడు. రాత్రి ఈ ఏడాది తొలి వాన పడింది. అలాంటి ఇలాంటి వాన కాదు, టార్పాలిన్లు చిరిగిపోయేంత వాన. దాంతో గుంటలోని మన్నంతా పులిసిన పిండిలా పొంగి, గట్టు తెగి, పల్లానికి కారిపోయింది. పిన్ను గుంటకి రెండు అడుగుల దూరంలో గడ్డిపోచకి తట్టుకుని ఉంది. చిక్కుడు గింజంత ప్లాస్టిక్ గొట్టం, దాని లోపల గుండుసూది కన్నా కాస్త లావుగా ఓ ఇనుప ముక్క. అంతే. ఇక్కడి మందుపాతరలు పైనుంచి కింద దాకా ప్లాస్టిక్కే, వాటి గుండెలో ఉండే ఇనుము మాత్రం సరిగ్గా ఇంతే. అందుకే రోజూ పొద్దున్నే ఈ పిన్నుని పాతిపెట్టి, డిటెక్టర్లు దాన్ని వింటున్నాయో లేదో చూస్తారు. పాతిపెట్టేది ఖొయిన్.

పద్దెనిమిదేళ్ళుగా ఈ కొలువులోనే ఉన్నాడు. అందులో పన్నెండేళ్ళు ముఖకవచం పెట్టుకుని నేల మీద గొంతుక్కూర్చుని పాతరలు తీశాడు. మోకాళ్ళు అరిగిపోయాక, పోనీ పాతవాడు కదా అని సామాన్ల బాధ్యత ఇచ్చారు. బ్యాటరీలు చార్జింగు పెట్టడం, తెగిన తీగలు అతకడం, ప్రమాదం ఉన్నచోట పాతే ఎర్ర గుంజలూ శుభ్రమైన చోట పాతే తెల్ల గుంజలూ లెక్క చూసుకోవడం, తెల్లారకముందే లేచి పరీక్ష గుంట సిద్ధం చెయ్యడం. యాభై ఏడేళ్ళ మనిషి. పొట్టివాడు, మెడ చుట్టూ ఎప్పుడూ ఒకటే గళ్ళ తువ్వాలు, ఎడమ చేతి బొటనవేలి గోరు నల్లగా చచ్చిపోయి ఉంటుంది. భోజనాల దగ్గర అతను లేచి వెళ్ళిపోయినా ఎవరూ గమనించరు. ఫోటోలు తీసేవాళ్ళు వచ్చినప్పుడు డిటెక్టర్లు తుడిచి జట్టులోని అమ్మాయిల చేతికిచ్చి, తను చెట్టు పక్కకి తప్పుకుంటాడు. బట్టంబాంగ్‌లో అతని భార్య వొన్ పట్నం బజారులో బియ్యప్పిండి సేమ్యా అమ్ముతుంది. నెలకో వారం ఇంటికెళితే, వాకిట్లోంచి వీధిలోకి అడుగుపెట్టే ముందు కూడా ముందు నేలని కాలి బొటనవేలితో నొక్కి చూస్తాడని ఆవిడ పక్కింటివాళ్ళకి చెప్పి నవ్వుతుంది. ఎన్ని పొలాలు శుభ్రం చేసి ఎంతమందికి అప్పగించాడో అతనికే గుర్తులేదు. తన పేరు మీద మాత్రం ఒక మిరపమొక్క పాతుకునేంత నేల కూడా లేదు.

ఇంకో తొమ్మిది రోజులుంటే పదవీ విరమణ. రేపు ఈ పొలం అప్పగింత. పందిరి, ప్లాస్టిక్ కుర్చీలు, భిక్షువులు, జిల్లా నుంచి అధికారి, అన్నీ వస్తాయి. ఆ పందిట్లోనే ఖొయిన్‌కి ఓ మెచ్చుకోలు కాగితం, ఓ గోడగడియారం ఇవ్వాలని అమ్మాయిలు రహస్యంగా అనుకున్నారు. ఆ రహస్యం అతనికి తెలుసు. గడియారం పెట్టె జట్టు నాయకురాలు వన్నారీ మంచం కిందే ఉంది మరి, ఊడుస్తుంటే చీపురుకి తగిలింది.

గుంట నింపాలి. నీలం బకెట్టు తీసుకుని వాగు గట్టుకి నడిచాడు. ఎప్పుడూ ఆ గట్టు మన్నే తెస్తాడు, బూడిద రంగులో, పిండిలా మెత్తగా ఉంటుంది, వేలు పెడితే చాలు, ఎంత లోతుకైనా దిగుతుంది. తీరా వెళితే గట్టే లేదు. వాగు ఎర్రగా ఉరకలు వేస్తోంది, గట్టు దాని కింద ఎక్కడో ఉంది. కాసేపు నిలబడి చూసి, ఖాళీ బకెట్టుతో వెనక్కి వచ్చాడు. సరేలే, ఈ ఒక్కరోజుకీ ఇక్కడి మన్నే వేద్దాం, వానకి నానిందిగా అనుకున్నాడు. గుంట పక్కనుంచే ఎర్రమన్ను పారతో తీసి నింపాడు, కాలితో తొక్కి గట్టిపరిచాడు, కొలకర్ర దించాడు. కర్రకి మూడు గాట్లు ఉన్నాయి. పిన్నుని అన్నిటికన్నా లోతు గాటు దగ్గర, పదమూడు సెంటీమీటర్ల కింద పెట్టి, మన్ను కప్పి, చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు.

అందరికన్నా ముందు తియరీ వచ్చింది, ఓ చేతిలో డిటెక్టరు, ఇంకో చేతిలో గంజి గిన్నె, నోట్లో ఎండుచేప. పద్నాలుగు మంది ఆడవాళ్ళ జట్టులో నోరు ఎక్కువున్న పిల్ల. గిన్నె కింద పెట్టి యంత్రాన్ని గుంట మీద ఒకసారి ఊపింది, మళ్ళీ ఊపింది.

"ఏంటి తాతా, పిన్ను పెట్టడం మర్చిపోయావా?"

"పెట్టానే."

"ఎక్కడ పెట్టావ్, జేబులోనా? దీనికేం వినపడట్లేదు."

"సరిగ్గా ఊపు. ఈగల్ని తోలినట్టు కాదు."

"పదేళ్ళ నుంచి ఊపుతున్నా, ఇప్పుడు నేర్పిస్తావా నువ్వు?" అని మూడోసారి నేలని రాసుకుంటూ మెల్లగా ఊపింది. యంత్రం నోరు మెదపలేదు. వెనకాల క్యూలో నిలబడ్డవాళ్ళు పకపకా నవ్వారు. తాతకి రిటైర్మెంట్ ముందే వచ్చేసిందని ఒకరు, గడియారం ఇచ్చేదాకా ఆగలేకపోతున్నాడని ఇంకొకరు, అది రహస్యం కదే నోర్మూసుకో అని మరొకరు.

ఖొయిన్ కూడా కొంచెం నవ్వాడు. నవ్వుతూనే మన్ను తవ్వాడు. పిన్ను పెట్టిన చోటే ఉంది. నవ్వు ఆగింది, అతనిదీ, క్యూలో ముందున్న ఇద్దరు ముగ్గురిదీ.

మళ్ళీ పెట్టాడు. రెండో యంత్రం తెప్పించాడు, మూడోది కూడా. మూడూ మౌనం. పిన్నుని ఒక గాటు పైకి, ఎనిమిది సెంటీమీటర్లకి లేపాడు. అప్పుడు వినిపించింది, దోమ కూతలా, అదీ ఊపిరి బిగబట్టి వింటే. లేచి నిలబడ్డాడు. మోకాలు పటుక్కుమంది.

ఈ పొలం పైసగంలో నేల పసుప్పచ్చగా ఉండేది, ఏ ఇబ్బందీ రాలేదు. నలభై ఒక్క రోజుల కిందట కిందిసగానికి మారారు. ఇక్కడి నేల ఎరుపు, తుప్పు ఎరుపు, నిండా ఇనుపధూళి. మొదటి రోజు యంత్రాలు ఒకటే రొద, నేల ఏ మూల తాకించినా కుయ్యో మొర్రో అన్నాయి. అలాంటప్పుడు ఒక మీట నొక్కితే యంత్రం నేల గోలని వినడం మానేస్తుంది. నొక్కారు. హాయిగా నిశ్శబ్దమైంది. కానీ అలా చెవి మూసుకున్న యంత్రం లోతునున్న చిన్న ఇనుముని కూడా వినదు, ఎంతవరకు వింటుందో తేల్చేది పరీక్ష గుంటే. అందుకే నియమం చాలా సూటిగా ఉంటుంది: గుంటలో ఉండాల్సింది ఆ పొలం మన్నే. ఆ రోజు ఖొయిన్ గుంట తవ్వాడు. గడ్డపార టంగుమని ఎగిరింది, మన్ను ఇటుకల్లా పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. రోజూ మూడు లోతుల్లో పిన్ను పెట్టి తియ్యాలి, ఆ పెళ్ళల్లో ఎలా? చేతులు పడిపోతాయి. పెళ్ళల్ని అవతల పారేసి, వాగు గట్టు నుంచి రెండు బకెట్ల మెత్తమన్ను తెచ్చి పోశాడు. ఎంత సులువుగా అయిపోయిందో అని ఆ రోజు ముచ్చట పడ్డాడు కూడా. నలభై ఒక్క రోజులు పద్నాలుగు యంత్రాలు ఆ వాగు మన్నులో పిన్నుని ఇంపుగా విన్నాయి. తనిఖీకి వచ్చిన ఆఫీసరు తన యంత్రాన్నీ ఆ గుంటలోనే పరీక్షించాడు. ఆ తర్వాత అందరూ ఎర్రనేల మీదికెళ్ళి, ఏమీ వినపడక, శుభ్రం అని తెల్ల గుంజలు పాతేశారు.

"తాతా," తియరీ గొంతు తగ్గించింది, "వాగు తగ్గాక ఆ మన్నే తెచ్చి పోసెయ్. ఇంక పొలం అంచులేగా మిగిలింది. ఒక్కరోజు."

నిజానికి ఆ మాట తియరీ కన్నా ముందే అతని తలలోకి వచ్చి కూర్చుంది. తొమ్మిది రోజులు. మధ్యాహ్నానికి వాగు తగ్గుతుంది. ఎవరికీ తెలియదు.

"ఎవరూ పనిలోకి దిగకండి," అన్నాడు. "ఇక్కడే కూర్చోండి."

వన్నారీ రోడ్డు దగ్గర పందిరి గుంజలు పాతిస్తోంది. ముప్ఫై నాలుగేళ్ళది. పన్నెండేళ్ళ కిందట ఆమెకి మొట్టమొదట యంత్రం పట్టుకోవడం నేర్పింది ఖొయినే. అతను చెప్పిందంతా విని, చేతిలో తాడు అలాగే పట్టుకుని, పందిరి వైపు చూసింది.

"వాన బాబాయ్. నేల తడిసి ఉందిగా, అందుకే వినట్లేదు. రేపటికి ఆరిపోతుంది."

"నేనూ అలాగే అనుకుందామనుకున్నా."

"అనుకో మరి!"

అతను ఆమెని గుడారానికి పిలుచుకొచ్చాడు. తన మంచం పక్కకి జరిపాడు. దాని కింద నేల రాత్రి వానకి కూడా తడవలేదు, ఎర్రగా, ఎముకలా పొడిగా ఉంది. గడ్డపారతో అక్కడే తవ్వడం మొదలెట్టాడు. పదమూడు సెంటీమీటర్లు దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వన్నారీ పట్టుకుంటానంటే గడ్డపార ఇవ్వలేదు. పిన్ను పెట్టాడు, మన్ను నింపి కొట్టాడు, యంత్రం ఆమె చేతికిచ్చాడు. ఆమె ఊపింది. యంత్రం ఏమీ అనలేదు.

వన్నారీ మంచం పట్టీ మీద కూలబడింది. "నలభై ఒక్క రోజులు," అంది. "చేత్తో తవ్వుకుంటూ పోవాలి బాబాయ్, అంతా. వానాకాలం దాటినా అవ్వదు. రేపు భిక్షువులు వస్తున్నారు. ఆఫీసరు వస్తున్నాడు. నేనేం చెప్పను వాళ్ళకి?"

"ఖొయిన్ గుంటలో వేరే మన్ను పోశాడని చెప్పు."

"గుంట సరిగ్గా ఉందని రోజూ సంతకం పెట్టింది నేను."

"మన్ను పోసింది నేను కదమ్మా. ముందు నా పేరు రాయి. అదే నిజం."

"తొమ్మిది రోజులాగలేకపోయావా నువ్వు?" అని ఆమె అరిచింది, అరిచి వెంటనే మొహం తిప్పుకుంది. "నిన్ను సైటులో ఉండనివ్వరు తెలుసా? విచారణ అయ్యేదాకా పంపించేస్తారు. తర్వాత నువ్వొచ్చేదేముంది, నీ తొమ్మిది రోజులూ అయిపోతాయి."

"తెలుసు. ఫోన్ చెయ్యి."

ఆమె ఫోన్ చేసింది. అతను గుడారం బయట కూర్చుని, కప్పులో మిగిలిన చల్లారిన కాఫీ తాగాడు. దుఃఖం కన్నా అలసటే ఎక్కువగా ఉంది. ఎంత అలసటంటే, ఆ కప్పు కింద పెట్టడానికి కూడా ఆలోచించాల్సి వచ్చింది.

పది గంటలకి రొమ్ వచ్చింది. పొలం ఆవిడదే. పదకొండేళ్ళుగా రోడ్డు పక్క రేకుల కొట్టంలో ఉంటూ, సొంత పొలాన్ని ఎర్ర గుంజల ఇవతల నుంచి చూస్తూ బతికింది. ఆ పొలంలోనే ఆవిడ గేదె పాతర మీద కాలేసి పోయింది. ఇవాళ తోపుడుబండి నిండా కర్రపెండలం కాండం ముక్కలు కట్టలు కట్టి తెచ్చుకుంది. వాన పడింది, రేపు అప్పగింత, ఎల్లుండే నాటేద్దామని మొన్ననే నరికించిందట. వన్నారీ మెల్లగా విషయం చెప్పింది. రొమ్ బండి వదిలేసి నేరుగా ఖొయిన్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వేనా అన్నా?"

"నేనే చెల్లీ."

"చేతులు నొప్పెడుతున్నాయని వేరే మన్ను పోశావా?"

"అవును."

"నా చేతులు నొప్పెట్టవా? పదకొండేళ్ళు ఊళ్ళోవాళ్ళ పొలాల్లో కలుపు తీశాను. నా గేదె చచ్చినప్పుడు మీలాంటి వాళ్ళే వచ్చి రాసుకుని పోయారు. ఇప్పుడు ఈ కట్టలు ఏం చేసుకోను, పొయ్యిలో పెట్టుకోనా?" గాలి పీల్చుకుని మళ్ళీ అందుకుంది. "అసలు ఉన్నాయో లేవో! ఉన్నాయని చూపించు నాకు. ఒక్కటి చూపించు."

చూపించడానికి అతని దగ్గర ఏమీ లేదు. అదే చెప్పాడు. "ఉన్నాయని చెప్పట్లేదు చెల్లీ. లేవని చెప్పలేనంటున్నా."

రొమ్ ఉమ్మేసి, పందిరి కింద ప్లాస్టిక్ కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంది. కదలనంది.

ఆవిడ బండి వెళ్ళాల్సిన దారి ముఖాన, తెల్ల గుంజలు పాతిన చోటే, మధ్యాహ్నం మళ్ళీ తవ్వకం మొదలైంది. తియరీ ముఖకవచం దించుకుని గొంతుక్కూర్చుంది. యంత్రం పక్కన పెట్టి, చేతితాపీతో ఎర్రమన్నుని పక్కనుంచి చెక్కుతూ, పదమూడు సెంటీమీటర్ల లోతు దాకా, అంగుళం అంగుళం. ఎండ మళ్ళీ వచ్చింది, తడిసిన నేల ఆవిర్లు కక్కుతోంది. గంటకి జానెడు కూడా సాగలేదు. సేద తీరడానికి లేచినప్పుడల్లా ఖొయిన్ వైపు చూసేది. ఎప్పుడూ మూతపడని ఆ పిల్ల నోరు మూతపడడం అతనికి రొమ్ తిట్ల కన్నా ఎక్కువ కష్టంగా ఉంది.

రెండున్నరకి తియరీ చెయ్యెత్తింది. అందరూ ఆగారు. వన్నారీ వెళ్ళింది, పడుకుని చూసింది, ఊపిరి వదిలింది, రెండు వేళ్ళతో ఏదో పట్టుకుని వచ్చింది. తుప్పు పట్టిన మేకు. చిటికెన వేలంత. పది సెంటీమీటర్ల లోతులో ఉందట. పిన్ను కన్నా ఎన్నో రెట్ల ఇనుము. పోయిన నెల ఇదే నేల మీద మూడు యంత్రాలు తిరిగాయి, ఒక్కటీ దాన్ని వినలేదు.

రొమ్ కుర్చీలోంచి లేచి వచ్చింది. "ఏంటది?"

"మేకు పిన్నీ," అంది వన్నారీ.

"మేకా! ఓ మేకు కోసం నా పంట ఆపారా?"

మేకు వన్నారీ అరచేతిలో ఉంది. రొమ్ దాన్ని చూసింది, అది వచ్చిన గుంటని చూసింది, ఆ గుంట దగ్గర్నుంచి తన బండి నిలిపిన చోటు దాకా చూసింది. ఆవిడ పెదవులు ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

"అక్కడ్నుంచే దున్నడం మొదలెడదామనుకున్నా," అంది చివరికి. కుర్చీ దగ్గరికి వెళ్ళింది గానీ ఈసారి కాళ్ళు పైకి పెట్టుకోలేదు.

మూడింటికి ఆఫీసు నుంచి కబురొచ్చింది. అప్పగింత రద్దు. సామాన్ల మనిషి సాయంత్రం ట్రక్కులో బట్టంబాంగ్ వచ్చెయ్యాలి. వన్నారీ జరిగిందంతా కాగితం మీద రాసింది, అతను చదవకుండానే సంతకం పెట్టబోతే చదవమని గదమాయించింది. చదివాడు. అతని పేరు ముందుంది, దాని కిందే వన్నారీ తన పేరు కూడా రాసుకుంది. అతను ఏదో అనబోయాడు. "సంతకం పెట్టు బాబాయ్," అందామె, "ట్రక్కు వచ్చేస్తుంది."

అతనికి గంటన్నర మిగిలింది. బట్టలు సర్దుకోవడానికి పది నిమిషాలు చాలు. మిగతా సమయం గుంట దగ్గర గడిపాడు. గట్టు తెగాక చుట్టూ పేరుకున్న బూడిదరంగు మన్నంతా పారతో ఎత్తి కుప్ప పోశాడు. గుంటని మళ్ళీ కొత్తగా, లోతుగా తవ్వి, ఎర్రమన్ను పొర మీద పొర వేసి, ఒక్కో పొరనీ పారవెనుకతో కొట్టి, చుట్టూ నేల ఎంత గట్టిగా ఉందో అంత గట్టిగా దిమ్మిస చేశాడు. నల్లగోరు పక్కన చర్మం చిట్లి రక్తం కారింది, తువ్వాలు కొసకి తుడుచుకున్నాడు. అప్పుడు నీలం బకెట్టుని బోర్లించి, గడ్డపార మొనతో అడుగున అయిదారు చిల్లులు పొడిచాడు, కుప్పలోని మెత్తమన్ను నింపాడు, రొమ్ దగ్గరికి నడిచాడు.

"కట్టలు ఎండలో పడుకోబెట్టకు చెల్లీ, చచ్చిపోతాయి. నీడలో నిలబెట్టి మొదళ్ళు మన్నులో గుచ్చితే చాలా రోజులు ఉంటాయి. ఇది మెత్తగా ఉంటుంది, చిల్లులున్నాయి, నీళ్ళు నిలవవు."

"పంటలు కూడా తెలుసా నీకు?"

"చూశాను. మేం పొలాలు అప్పగించాక వాళ్ళు నాటుతుంటే."

రొమ్ బకెట్టుని చూసింది, అతని వేలిని చూసింది. వద్దనలేదు, సరేననలేదు. కాసేపటికి కట్ట ఒకటి విప్పి, ముక్కల్ని ఒక్కొక్కటే మన్నులో గుచ్చడం మొదలెట్టింది. "ఒక బకెట్టుకి ఎన్ని పడతాయ్," అని గొణిగింది. మిగతా కట్టల కోసం అతను గుడారం నీడన కుప్పంతా పరిచి ఇచ్చాడు.

ట్రక్కు వచ్చింది, ఖొయిన్ వెనక ఎక్కి కూర్చున్నాడు. అమ్మాయిలు వరసగా నిలబడ్డారు. వన్నారీ పరిగెత్తుకెళ్ళి మంచం కింది నుంచి గడియారం పెట్టె తెచ్చి, కాగితం కూడా చుట్టకుండా అతని ఒళ్ళో పెట్టింది. తియరీ వెనక పలక దగ్గరికి వచ్చి, "రేపట్నుంచి గుంట నాకిచ్చారు తాతా," అంది. "నా చేతులు పోతాయి ఆ నేలతో."

"పోతాయి," అన్నాడతను. "కొలకర్ర గుంట పక్కనే ఉంది."

ట్రక్కు కదిలింది. గడియారంలో ఎవరో ముందే బ్యాటరీ వేసి పెట్టారు, ఒళ్ళో అది టిక్కుటిక్కుమంటుంటే రెండు చేతులూ దాని మీద పెట్టుకుని, వాగు దాటేదాకా ఎర్రనేల వైపే చూశాడు. వాగు తగ్గింది. గట్టు బయటపడింది, కడిగినట్టు శుభ్రంగా, బూడిద రంగులో. వాగు దాటాక కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ ఆ పొలం వైపు రాలేదు.

మర్నాడు తెల్లారకముందే తియరీ గుంట దగ్గర కూర్చుంది. కొలకర్ర చూసుకుని గడ్డపార దించింది. మొన గుంటలో అంగుళం కూడా దిగలేదు, మోచేతుల దాకా జుమ్మంది. నాలుగు పోట్లకే అరచేతులు మండాయి. లేచి, వీపు నిమురుకుంటూ, అలవాటుగా బకెట్టు కోసం చుట్టూ చూసింది. వాగు గట్టు ఇక్కడికి వంద అడుగులే. బకెట్టు గుడారం నీడలో ఉంది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, అరచేతుల్లో ఉమ్మేసుకుని, మళ్ళీ గడ్డపార అందుకుంది.

నీలం బకెట్టు నిండా పెండలం ముక్కలు, పుల్లల కట్టలా, ఇంకా ఒక్క చిగురూ లేకుండా నిలబడి ఉన్నాయి. అడుగు చిల్లుల్లోంచి రాత్రంతా ఊరిన నీళ్ళతో పాటు మెత్తమన్ను కొంచెం కొంచెంగా జారి, ఎర్రనేల మీద బూడిదరంగు మరకై, ఇంకా తడిగానే ఉంది.